మాయమైన శే

"ఈ దీవుల్లో నేరం చేసినవాడికి నాలుగు వైపులా సముద్రం. ఐదో వైపు నేను. ఇక వాడు ఎటు పోతాడు?"

గుమ్మంలో నిలబడి గొడుగు మడుస్తూ లోకనాథం చేసిన ప్రకటన ఇది. వినడానికి లోపల ఇద్దరే ఉన్నారు. ఒకరు ఆయన మేనకోడలు కళ. లేబుల్ ప్రింటర్ మూత తెరిచి అందులోకి తొంగిచూస్తోంది. రెండో మనిషి ఆమెతో కలిసి పనిచేసే కామమ్మ. ఎండురొయ్యల కారప్పొడి పాకెట్లను పెట్టెలో సర్దుతోంది.

"చెప్పులు బయట విప్పండి మామయ్యా," అంది కళ తల ఎత్తకుండా. "నేరం అని నేనెక్కడ చెప్పాను? ఒక లేబుల్ చదివి పెట్టమన్నాను, బస్."

"చదివి పెట్టమన్నావు. అంటే చదవలేని పరిస్థితి ఏర్పడింది. ఎవరు ఏర్పరిచారు?"

అని చెప్పులు విప్పి, దొంగ రెండూ ఒకేసారి వేసుకుపోకుండా ఒకటి గుమ్మానికి ఇటు, ఒకటి అటు పెట్టి, లోపలికి వచ్చాడు.

లోకనాథం ముప్ఫై ఒక్క ఏళ్లు హార్బరు ఫెర్రీలో టికెట్లు చించి రిటైరయ్యాడు. అన్నేళ్లలో టికెట్ లేకుండా ఎక్కినవాళ్లను ఇద్దరినే పట్టుకున్నాడు. ఒకరు ఆ ఫెర్రీ నడిపే సరంగు. రెండోది మేక. అయినా మనిషి మొహం చూసి మనసు చదవడం తనకు అక్కడే అబ్బిందని ఆయన నమ్మకం. రిటైరైన మర్నాడే కార్డులు వేయించాడు. "లోకనాథం, స్వతంత్ర అపరాధ పరిశోధకులు. చిన్న కేసులు కూడా పెద్దవిగా చూడబడును."

ఆయన తేల్చిన కేసుల్లో గొప్పది ఎరుకమ్మ గారి కోడి అదృశ్యం. నాలుగు రోజులు బతు బస్తీ అంతా గాలించాడు. ఐదో రోజు ఆ కోడి పదకొండు పిల్లలను వెంటబెట్టుకుని తనంతట తానే నడుచుకుంటూ వచ్చింది. ఒక్క కోడి పోతే పన్నెండు దొరికాయి కాబట్టి ఆ కేసు పన్నెండు రెట్లు తేలినట్టని ఆయన లెక్క.

ఇవాళ కళకు కావలసింది పరిశోధకుడు కాదు. తెలుగు గట్టిగా చదవగలిగిన మనిషి. ఆమె చదివింది హిందీ మీడియం. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ, చదవాలంటే ఒక్కో అక్షరం దగ్గర ఆగి, దానికి నమస్కారం పెట్టి ముందుకు పోవాలి. కామమ్మకు ఆ నమస్కారం పెట్టే అవసరం కూడా లేదు. ఆమె బడి మొహమే చూడలేదు. లేబుల్ మీద తెలుగు మాటలు రాసిచ్చింది లోకనాథమే. తాతల ఊరి వైపు మొదటిసారి సరుకు పోతోంది, తెలుగు లేకపోతే ఎలా అని పట్టుబట్టి రాయించుకుంది కళ.

పొద్దున్న తొమ్మిదికి వైజాగ్ నుంచి రాజ్‌కిరణ్ ఫోన్ చేశాడు. అక్కడ అతనికి ఒక పచ్చళ్ల దుకాణం ఉంది. పోయిన వారం కళ అతనికి నమూనా పాకెట్ ఒకటి విమానంలో పంపింది.

"మేడమ్, పాకెట్ మా అమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ పైన చదివి, చీపురుకట్టతో దాన్ని వీధిలోకి తోసేసింది. మీరు ఏం రాశారో ఒకసారి చూసుకోండి. బార్‌కోడ్ కూడా మా మెషీన్ తీసుకోవడం లేదు. మంచి లేబుళ్లు వేసి ఇవాళ ఒంటిగంటలోగా ఫోటో పంపండి. లేకపోతే ఈ షిప్పుకి వద్దు. పైవారం ఇంకొకరి దగ్గర తీసుకుంటాను, ఏమీ అనుకోకండి."

వైజాగ్ షిప్పు నెలకు ఒకసారి వస్తే వచ్చినట్టు. నాలుగింటికి ఓడలాగే హాడో వార్ఫ్‌లో సరుకు తీసుకోవడం ఆపేస్తారు. పన్నెండు పెట్టెలు, మూడు వందల పాకెట్లు. రొయ్యలన్నీ హార్బరు అవతల హోప్ టౌన్‌లో కామమ్మ మొగుడు పట్టినవే. డాబా మీద ఆరబోసి, కాకుల్ని తోలి, వానకు పరుగెత్తి ఎత్తి, నలభై రోజులు ఇద్దరు ఆడవాళ్లు పడ్డ కష్టం అది. ప్రింటర్ బాగుచేసే మనిషి ఊళ్లో ఒక్కడే. అతను ఉత్తరాన దూరంగా ఉన్న డిగ్లీపూర్ వెళ్లాడు, ఫోన్ కలవడం లేదు.

కళ లేబుల్ ఒకటి చించి మామయ్య చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, గొంతు సవరించుకుని చదివాడు.

"మా దీవి... వి... షం."

 ఆయన మళ్లీ చదివాడు. అదే వచ్చింది. నెమ్మదిగా స్టూలు మీద కూర్చున్నాడు.

"మామయ్యా, మీరు రాసిచ్చింది ఏంటి?"

"మా దీవి విశేషం. మధ్యలో శే ఉండాలి. లేదు. అమ్మా కళా, ఎవరో మన శే ఎత్తుకుపోయారు."

 పది రోజులుగా 'మా దీవి విషం' అని మూడు వందల పాకెట్ల మీద కళా, కామమ్మా కలిసి అంటించారు. లేబుల్ మధ్యలో పైనుంచి కింది దాకా తెల్లటి చార ఒకటి ఉన్న మాట నిజమే. అది కూడా డిజైనే అనుకుంది కళ.

"నాకు నిన్ననే అనుమానమొచ్చింది," అంది కామమ్మ. "ఆ సార సూస్తే పాపిట తీసినట్టుంది. అందంగానే ఉంది గదా అనూరుకున్నాను."

లోకనాథం సంచిలోంచి నోటుబుక్కు తీశాడు. "మొదటి ప్రశ్న. సిరా ఎక్కడ?"

"సిరా ఉండదు మామయ్యా."

"ఉండదా, లేకుండా పోయిందా? ఆలోచించి చెప్పు."

"మొదట్నుంచీ ఉండదు. ఈ కాగితానికి వేడి తగిలితే నల్లబడుతుంది. లోపల సన్నటి పట్టీ ఉంది చూడండి, అదే వేడెక్కి అక్షరాలు వేస్తుంది. దాన్ని హెడ్ అంటారు."

ఆయన రాసుకున్నాడు. సిరా: మొదటి నుంచీ మాయం. హెడ్: ముఠా నాయకుడు. లోపలే దాక్కున్నాడు. వేడి మనిషి.

"పది రోజుల క్రితం ఒక స్టిక్కర్ లోపల చుట్టుకుపోయింది మామయ్యా. గోళ్లతో గీకి తీశాను. అప్పట్నుంచే అనుకుంటా..."

"అనవసర వివరాలు వద్దమ్మా. అవే పరిశోధకుణ్ణి తప్పుదారి పట్టిస్తాయి."

కళ ఊరుకోలేదు. కంప్యూటర్‌లో నలుపు ఎనిమిది మీద ఉంటే పదిహేనుకు పెంచి మరో లేబుల్ తీసింది. అక్షరాలు కాటుక పెట్టుకున్నట్టు లావయ్యాయి. విషం ఇంకా స్పష్టంగా కనబడింది. చార మాత్రం కదల్లేదు.

"కాగితం మార్చి చూద్దాం," అంది కళ. కొత్త రోలు తెచ్చేలోగా లోకనాథం పాత రోలు తీసి, తానే మార్చి ఇస్తానని కొత్తది అందుకున్నాడు. మూత మూసి మీట నొక్కాడు. లేబుల్ వచ్చింది. దాని మీద ఏమీ లేదు. ఇంకోటి వచ్చింది. అదీ తెల్లగానే ఉంది.

ఆయన గొంతు తగ్గించాడు. "చూశావా. మనం దగ్గరికొచ్చామని వాడికి తెలిసిపోయింది. ఈసారి మొత్తం అక్షరాలన్నీ ఎత్తుకుపోయాడు."

"రోలు ఉల్టా పెట్టారు మామయ్యా."

"ఉల్టాయే. వాడి పద్ధతే ఉల్టా."

కళ రోలు తిప్పి పెట్టింది. అక్షరాలు తిరిగి వచ్చాయి, శే తప్ప. గడియారం పదకొండు దాటింది.

లోకనాథం లేబుల్‌ను వెలుతురుకు పట్టి, చార దారిలో పడి మాయమైన వాటిని పైనుంచి కిందికి లెక్కగట్టాడు. విశేషంలో శే. రెండు వందల గ్రాములలో ఒక సున్నా. తయారీ తేదీలో ఎనిమిది. "శే, సున్నా, ఎనిమిది. ఇది సంకేతం. నేరస్థుడు ఎప్పుడూ తన సంతకం వదిలి వెళ్తాడు. ఇతను సంతకం వదల్లేదు, తీసుకెళ్లాడు. అంటే వాడి పేరు శే తో మొదలవుతుంది. ఈ బస్తీలో శే తో ఎవరున్నారు?"

"శేసమ్మ గారున్నారు," అంది కామమ్మ.

"ఎవరా శేషమ్మ?"

"మీ ఇంటావిడే గదా బాబూ."

లోకనాథం పెన్సిల్ ఆగిపోయింది. ఆయన కిటికీలోంచి తన ఇంటి వైపు ఒకసారి చూశాడు. చట్టానికి బంధుత్వాలు లేవని ఆయన చాలాసార్లు చెప్పి ఉన్నాడు. కానీ చట్టానికి మధ్యాహ్నం భోజనం ఎవరు పెడతారన్నది వేరే సంగతి. రాసుకున్న పేజీని మడిచి జేబులో పెట్టుకుని, "సంకేతాలు కొన్నిసార్లు యాదృచ్ఛికం," అన్నాడు. "వేలిముద్రలకు వెళ్దాం."

వేలిముద్రలంటే ఆయన దగ్గర ఉన్నది మొహానికి రాసుకునే పౌడరు డబ్బా. కళ వద్దు అని నోరు తెరిచేలోగా మూత మీద, పక్కల, లోపల ధారాళంగా చల్లేశాడు. గది అంతా మల్లెపూల వాసన. కామమ్మ కారప్పొడి పాకెట్ల మీదికి వంగి, ఒక్క రేణువు పడకుండా చీరకొంగు అడ్డం పెట్టింది.

లోకనాథం భూతద్దం పెట్టి చూశాడు. మూత మీద ఒక పెద్ద ముద్ర, సుడులు సుడులుగా, చాలా స్పష్టంగా ఉంది. "దొరికాడు. రాసుకో కళా. మగవాడు. వయసు అరవై పైన. నిదానం లేని మనిషి. వస్తువుల్ని మోటుగా పట్టుకుంటాడు. బుర్ర తక్కువ, ధైర్యం ఎక్కువ."

కళ ఆయన కుడి బొటనవేలు పట్టుకుని ఆ ముద్ర పక్కన ఆనించింది. రెండూ ఒక్కటే.

"వాడు నా వేలిని కూడా వాడుకున్నాడు," అన్నాడు లోకనాథం. కానీ గొంతులో మునుపటి గాంభీర్యం లేదు.

ఇంతలో కళ ఇంకో లేబుల్ తీసి చూసింది. చారకు తోడు ఇప్పుడు అంతటా తెల్ల చుక్కలు. పౌడరు పని అది. బ్రష్ తెచ్చి దులిపింది, స్విచ్ ఆపింది, మళ్లీ వేసింది. కొన్ని చుక్కలు పోయాయి, కొన్ని పోలేదు. పన్నెండుంపావు. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. రాజ్‌కిరణ్ ఈసారి వద్దంటే మళ్లీ ఫోన్ చెయ్యడని ఆమెకు తెలుసు.

ఓడిపోతున్న మనిషి ఎవరో ఒకరి మీద పడతాడు. లోకనాథం కూడా అంతే చేశాడు. గదిలో అటూ ఇటూ నడిచి, చటుక్కున ఆగి, వేలు చూపించాడు.

"రోజంతా ఈ యంత్రం పక్కన కూర్చునేది ఎవరు? కామమ్మ. చార చూసి కూడా నోరు మెదపనిది ఎవరు? కామమ్మ. చేతి వేళ్లకు ఎప్పుడూ జిగురు ఉండేది ఎవరికి?"

కామమ్మ చేతిలోని పాకెట్ కింద పెట్టింది. 

"జిగురు అంటుకుంది నిజమే బాబూ. మూడొందల కాయితాలు అంటించిన సేతులివి. నా మొగుడు తెచ్చిన రొయ్యల్ని నానే ఇసం సేసుకుంటానా?" వెంట్రుకలు పడకుండా నెత్తిన పెట్టుకున్న టోపీ తీసి బల్ల మీద పెట్టింది. "కళమ్మా, నానెల్తన్నాను. ఒంటిగంట ఫెర్రీ ఉంది."

ఆమె గుమ్మం దాటింది. కళకు ఒక్కసారిగా ప్రింటర్, షిప్పు, శే అన్నీ చిన్నవైపోయాయి. మామయ్య వైపు తిరిగి, చిన్నప్పటి నుంచీ ఏనాడూ మాట్లాడని గొంతుతో మాట్లాడింది.

"మామయ్యా, ఆ శే దొరక్కపోయినా ఫర్వాలేదు. ఈ పని మొదలుపెట్టినప్పుడు నాతో డాబా మీద ఎండలో కూర్చుంది ఆమె ఒక్కతే. అప్పుడు మీరు కూడా రాలేదు. మీరు ఇక దేన్నీ ముట్టుకోకండి."

అని కామమ్మ వెనక పరుగెత్తింది. సందు మలుపులో ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆయన మాటకి నేను మాఫీ అడుగుతున్నాను పిన్నీ. షిప్పు పోతే పోనీ. నువ్వు పోవద్దు."

 కామమ్మ చెయ్యి విడిపించుకోలేదు.

సరిగ్గా అప్పుడు ఇంట్లోంచి ఒక కేక వినబడింది.

దేన్నీ ముట్టుకోకండి అన్న మాట లోకనాథానికి దెబ్బలా తగిలింది. మేనకోడలు అలా అన్నాక ఊరికే పోతే ఎలా, ఒక్కసారి లోపల చూసి వెళ్దామని మూత ఎత్తాడు. లేబుల్ చింపడానికి ప్రింటర్ మూతికి రంపపు పళ్లలాంటి రేకు ఉంటుంది. చూపుడువేలు దాని మీద పడి చీరుకుంది. గట్టిగా చూస్తే గోరంత గాటు. ఒక రక్తపు చుక్క పొంగింది. నేరాలను పరిశోధించే లోకనాథం రక్తాన్ని చూడలేడు. స్టూలు మీద కూలబడి, "కళా, నన్ను పొడిచారు," అన్నాడు.

మొదట లోపలికి వచ్చింది కామమ్మే. ఆయన మొహం చూసింది, వేలు చూసింది, గోడకు తగిలించిన మందుల డబ్బా తీసింది. తిండి సరుకు చేసే చోట ఆ డబ్బా ఉండాలని ఎవరో ఆఫీసరు చెప్పి పెట్టించాడు. దూది పీకి, స్పిరిట్‌లో ముంచి, వేలి చుట్టూ మందంగా చుట్టి, పైన దారం కట్టింది.

"మండుతుంది," అన్నాడాయన.

"మండనీండి. నాకూ మండింది."

లోకనాథం తల దించుకున్నాడు. క్షమించమని అడగాలని ఉంది. కానీ ముప్ఫై ఒక్క ఏళ్లలో టికెట్ చింపడమే గాని అతికించడం ఆయనకు అలవాటు లేదు. అందుకే తనకు తెలిసిన దారినే పోయాడు. లేచి ప్రింటర్ దగ్గరికి వెళ్లాడు.

"కామమ్మా, నువ్వు కాదని నిరూపిస్తాను. చూడు. స్విచ్ ఆపు కళా. మంచిది. ముఠా నాయకుడు హెడ్ ఇక్కడున్నాడు. నేరస్థుడు ఈ మూల నుంచి ప్రవేశించాడు." స్పిరిట్ కారుతున్న దూది వేలిని ఆ సన్నటి పట్టీకి ఒక కొసన ఆనించాడు. "ఇలా, ఈ గోడ వెంబడే, వేలు తియ్యకుండా పాకుతూ వెళ్లాడు." వేలు పట్టీ వెంబడి ఆ కొస దాకా జరిగింది. "మధ్యలో ఇక్కడ కాసేపు ఆగాడు. ఏదో గట్టిగా ఉంది. దీన్ని దాటలేక అటూ ఇటూ కొట్టుకున్నాడు." వేలితో అక్కడే నాలుగైదు సార్లు గట్టిగా రుద్దాడు. "దాటాడు. ఇంత దూరం నీ వేలు పట్టదు కామమ్మా. కాబట్టి నువ్వు నిర్దోషివి."

ఆ వాదన ఎవరికీ అర్థం కాలేదు. కళ దృష్టి ఆయన వేలి మీద ఉంది. తెల్లటి దూదికి కందిగింజంత నల్లటి జిగురు ముద్ద అంటుకుని ఉంది. పది రోజుల క్రితం తాను గోళ్లతో గీకితే పూర్తిగా రాని స్టిక్కర్ ముక్క అది. చుట్టూ మల్లెపూల పౌడరు కూడా అంటుకుంది.

 కళ పట్టీ తడి ఆరేదాకా మనసులో అరవై లెక్కపెట్టి, మూత మూసి, స్విచ్ వేసి, నలుపు మళ్లీ ఎనిమిదికి తగ్గించి, మీట నొక్కింది.

లేబుల్ వచ్చింది. చార లేదు. చుక్కలు లేవు. కళ ఒక్కో అక్షరం దగ్గర ఆగి తానే చదివింది. "మా... దీ... వి... వి... శే... షం."

బార్‌కోడ్ మీద ఫోన్ కెమెరా పెట్టింది. ఫోన్ టింగుమంది. పన్నెండూ నలభైకి ఫోటో వైజాగ్ వెళ్లింది. రెండు నిమిషాలకు రాజ్‌కిరణ్ జవాబు వచ్చింది: "అమ్మ చదివింది. ఓకే అంది. పంపించండి."

లోకనాథం నెమ్మదిగా స్టూలు మీద కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు. "నన్ను చూసి భయపడి తిరిగి ఇచ్చేశాడు," అన్నాడు. "చాలామంది అంతే చేస్తారు."

కామమ్మ టోపీ పెట్టుకుంది. ప్రింటర్ గంటన్నర సేపు ఆగకుండా పనిచేసింది. ఇద్దరు ఆడవాళ్లూ విషం మీద విశేషం అంటించుకుంటూ పోయారు. మూడో మనిషి దూదివేలు పైకెత్తి పట్టుకుని కూర్చుని, ఎలా పట్టుకున్నాడో రెండుసార్లు మొదటి నుంచి చెప్పాడు. ఆఖరి పాకెట్ అయ్యాక లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

"కామమ్మా, నీ మీద అనుమానం పూర్తిగా ఎత్తేస్తున్నాను."

"ఎత్తేసారా బాబూ?"

"ఎత్తేశాను."

"అయితే ఆ సేత్తోనే ఈ పెట్టె కూడా ఎత్తండి. ఆటో వచ్చింది."

లోకనాథం పెట్టె వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. గొడుగు గోడకు ఆనించి పెట్టె ఎత్తాడు. పన్నెండూ ఆయనే మోశాడు. ఏడో పెట్టె దగ్గర కామమ్మ రెండో కొస పట్టబోయింది. వద్దని తల ఊపాడు. పన్నెండోది ఆటోలో పెట్టి వచ్చేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. కామమ్మ చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన గటగటా తాగి, "తప్పయింది," అన్నాడు చెంబులోకి. ఆమెకు వినబడింది.

మూడుంపావుకు హాడోలో సరుకు దిగింది. పన్నెండు పెట్టెలూ లోపలికి వెళ్లేదాకా కళ గేటు దగ్గరే నిలబడింది. పక్కన మామయ్య వేలు పైకెత్తుకుని, వచ్చేపోయే కూలీలకు కనబడేలా పట్టుకున్నాడు. ఆ దూదికి ఉన్న నల్ల ముద్ద సంగతి చెప్పెయ్యాలని ఆమె నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూసి మింగేసింది.

"మామయ్యా, వాడు మళ్లీ వస్తాడంటారా?"

"తప్పకుండా. ఇలాంటివాళ్లు వదలరు."

"అందుకే అడుగుతున్నాను. సోమవారం సోమవారం వచ్చి, ఇవాళ చూపించినట్టే స్విచ్ ఆపి ఒకసారి చూపించి పోతారా? ఆ మూల నుంచి ఈ మూల దాకా. వేలు తియ్యకుండా."

లోకనాథం ఈ ప్రతిపాదనను గంభీరంగా ఆలోచించాడు. నోటుబుక్కు తీసి సోమవారం అని రాసి కింద గీత గీశాడు.

"స్పిరిట్ దూది కూడా ఉండాలా?"

"ఉండాలి మామయ్యా. లేకపోతే మీ వేలిముద్రలు పడిపోవూ?"

ఆయన మేనకోడలి వైపు మెచ్చుకోలుగా చూశాడు.

"పర్వాలేదు," అన్నాడు. "నువ్వూ నేర్చుకుంటున్నావు."